ఒత్తు లేని చదువు

యాభై మూడేళ్లు వచ్చేదాకా నేను ఏమీ రాయలేదు, ఎందుకంటే నాకు అక్షరాలు రావు. కారణం ఇంతే. ఇలా చెబితే వినేవాళ్లకు చాలడం లేదు. పేదరికమని చెప్పు, ఆడపిల్లవని బడి మానిపించారని చెప్పు అని వాళ్లే మాట అందిస్తారు. పేదరికం ఉన్న మాట నిజమే, ఆడపిల్లనన్నదీ నిజమే. కానీ నన్నెవరూ బడి మానిపించలేదు. రెండేళ్లు రోజూ వెళ్లాను. హాజరు పట్టీలో నా పేరు ఉండేదట. బడి గదిలో కూర్చోలేదు, అంతే తేడా.

మా ఊరి బడికీ మాస్టారి ఇంటికీ మధ్య ఒకటే గోడ. మాస్టారి తల్లికి కాళ్ల నొప్పులు. పొద్దున్న పేర్లు పిలవడం అయ్యాక ఒక ఆడపిల్లను లోపలికి పంపేవారు. మొదట్లో రోజుకొకరు వెళ్లేవాళ్లం. నా చేతిలో బలం ఉందని ముసలావిడ మెచ్చుకున్నాక ఆ పని నాకే ఖాయమైంది. ఆవిడ నులక మంచం మీద పడుకుని "ఒత్తవే, ఇంకా గట్టిగా ఒత్తు" అనేది. నేను ఒత్తేదాన్ని. గోడకు అవతల పిల్లలు క కా కి కీ అని అరిచేవాళ్లు. రెండేళ్లలో గుణింతం మొత్తం నాకు నోటికి వచ్చింది. ఏ అక్షరం ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు. బడిలో నేను నేర్చుకున్న విద్య ఒత్తడం ఒక్కటే.

అందుకే ఎవరైనా ఆ రోజుల్లో చదువులే చదువులు, ఆ మాస్టార్లే మాస్టార్లు అని మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పేవాళ్లందరూ గోడకు అవతల కూర్చున్నవాళ్లే.

తర్వాత పెళ్లి, పిల్లలు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఆ పైన కువైట్ వెళ్లాను. మా వైపు ఆడవాళ్లు కువైట్ వెళ్లడం కాకినాడ వెళ్లినంత మామూలు. పాస్‌పోర్టు కాగితాల మీద సంతకం దగ్గర ఆఫీసతను నా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి "ఒత్తమ్మా, గట్టిగా ఒత్తు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మళ్లీ అదే పాఠం.

కువైట్‌లో ఆరేళ్లు ఒకే ఇంట్లో పనిచేశాను. ఆ ఇంట్లో ఒక ఆరేళ్ల పిల్ల. సాయంత్రం ఈజిప్టు నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన ఇంటికొచ్చి చదువు చెప్పేవాడు. ఆయన సగం సేపు గడియారం వైపు చూసేవాడు, మిగతా సగం బల్ల మీద కర్రతో కొట్టేవాడు. పిల్లకు ఆయనంటే భయం. ఆయన వెళ్లగానే వంటింట్లోకి వచ్చి, నేను పిండి కలుపుతుంటే, తాను మాస్టారై నాకు పాఠం చెప్పేది. పంచదారను వాళ్లు సుక్కర్ అంటారు. నేను సుకర్ అనేదాన్ని. "షద్దా! షద్దా!" అని అరిచి, కాగితం మీద ఆ మాట రాసి, మధ్య అక్షరం నెత్తిన మూడు పళ్ల దువ్వెన ముక్కలాంటి గుర్తు పెట్టి చూపించేది. ఆ గుర్తు ఉంటే అక్షరాన్ని బిగించి పలకాలట. పెద్దవాళ్లు రాసేటప్పుడు అది పెట్టరట కూడా, చదివేవాడే తెలుసుకోవాలి. ఆ ఇంటి తల్లి మాత్రం మా బళ్లు దండగ, ఇంగ్లీషువాళ్ల బడిలో వేస్తాను అనేది ఫోనులో. ఏ దేశంలోనైనా పక్క దేశం బడే గొప్ప. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు చదువు అవసరం రాలేదు.

తిరిగొచ్చాక భీమవరం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆయాగా చేరాను. దాని కరస్పాండెంట్ గారు చెరువుల వ్యాపారంలోంచి చదువుల్లోకి వచ్చారు. రొయ్యకు మేత మార్చినట్టే పిల్లలకు పద్ధతులు మారుస్తారు. ఒక ఎండాకాలం స్కూళ్ల యజమానులందరితో కలిసి విమానం ఎక్కి ఫిన్లాండ్, సింగపూర్, జపాన్ చూసొచ్చారు. పదకొండు రోజులు, మూడు దేశాలు. నేను ఆరేళ్లున్న దేశం గురించి నన్నెవరూ ఒక్క ముక్క అడగలేదు. ఆయన పదకొండు రోజుల గురించి మాత్రం మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి మూడు గంటలు చెప్పారు. అందులో ఒక గంట అక్కడ తిండి బాగోలేదని.

ఆ దేశాల మీద నాకు కోపం లేదు. అక్కడ వాళ్ల పిల్లలకు వాళ్లు ఏదో మంచే చేసుకుని ఉంటారు. మా దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చెబుతాను.

ఫిన్లాండ్ పద్ధతి అంటే పిల్లలు బూట్లు గుమ్మం బయట విప్పి తరగతిలోకి వెళ్లాలి. చెప్పులు బయట విడిచి లోపలికి రావడం గోదావరి జిల్లా వాళ్లకు ఫిన్లాండ్ నేర్పాలి! అరవై జతల బూట్లు కలిసిపోయి, సాయంత్రం ఏవి ఎవరివో తెలియక పిల్లలు ఏడుస్తుంటే లేసులు కట్టేది నేను. సింగపూర్ పద్ధతి అంటే రంగు రంగుల చెక్క దిమ్మలు. అవి ముట్టుకుంటే లెక్కలు వస్తాయట. ఆ దిమ్మలు అద్దాల బీరువాలో ఉంటాయి. తాళం కరస్పాండెంట్ గారి దగ్గర ఉంటుంది. శనివారం శనివారం దుమ్ము తుడిచేదాన్ని కాబట్టి మా స్కూల్లో వాటిని ముట్టుకున్నది నేనొక్కదాన్నే. లెక్కలు రాలేదు.

జపాన్ పద్ధతి అన్నింటికంటే ఘనమైనది. అక్కడ పిల్లలే బడి ఊడ్చుకుంటారట. వినగానే నాకు జపాన్ మీద గౌరవం కలిగింది. మా స్కూల్లో దానికి బుధవారం పది గంటలకు ఒక పీరియడ్ పెట్టారు. కానీ ఏడున్నరకే పిల్లల్ని దించడానికి తల్లిదండ్రులు వస్తారు, వాళ్లకు చెత్త కనబడకూడదు. అందుకని నేను ఏడింటికల్లా ఆవరణంతా ఊడ్చాలి. పది గంటలకు బుట్టెడు బాదం ఆకులు తెచ్చి మళ్లీ చల్లాలి. తడి ఆకులు వద్దు, ఫోటోలో బాగుండవని చెప్పారు. పిల్లలు ఊడుస్తున్నట్టు ఫోటోలు తీశాక, వాళ్లు నలుమూలలకూ చిమ్మిన ఆకుల్ని మళ్లీ నేనే ఊడ్చాలి. ఒకే ఆకును రోజుకు రెండుసార్లు ఊడ్చిన మనిషి జపానులో కూడా ఉండదు.

ఇదంతా రోడ్డువైపు కనిపించే ముందు బ్లాకులో. వెనక బ్లాకులో పదో తరగతి ఉంటుంది. అక్కడ పొద్దున్న ఆరింటి నుంచి చీకటి పడేదాకా గైడ్లు బట్టీ పట్టిస్తారు. అది ఏ దేశం పద్ధతో ఎవరూ చెప్పలేదు.

నాకు అక్షరాలు నేర్పింది ముందు బ్లాకు తెలుగు టీచరు గారు. కోనసీమ నుంచి వచ్చిన మనిషి, వయసులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. ఒకసారి నాకిచ్చిన చీటీని నేను వేరే గదిలో ఇచ్చేశాను. ఆ చీటీ మీద గది పేరు ఉందట. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, చదువు రాదని ఎందుకు చెప్పలేదని అడిగారు.

"మీరు అడగలేదు కదండీ" అన్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ కూర్చోబెట్టారు. పాత ప్రశ్నపత్రాల వెనక వైపు పెద్దగా అక్షరం రాసిచ్చేవారు. నేను దాని మీదే పదిసార్లు దిద్దాలి. సరిగా లేకపోతే ఆవిడ ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఇద్దరం చేసేదానికీ తెలుగులో ఒకటే మాట ఉండడం నాకు బాగుండేది. కరస్పాండెంట్ గారి మీటింగుల్లో విన్న ముక్క ఒకటి గుర్తొచ్చి, ఫిన్లాండ్‌లో ఇలా దిద్దించరటండీ అన్నాను ఒకరోజు.

"ఫిన్లాండ్‌లో మీరు లేరు కదండీ" అన్నారావిడ, పెరుగన్నం కలుపుకుంటూ.

గుణింతం నాకు నోటికి వచ్చు కాబట్టి అక్కడిదాకా బండి నడిచింది. ఒక మధ్యాహ్నం అక్క అనే మాట రాయమన్నారు. "అ రాశారా. ఇప్పుడు క రాసి, ఒత్తివ్వండి."

క రాశాను. ఒత్తాను. పెన్సిలు ములుకు విరిగింది.

ఇంకో పెన్సిలు ఇచ్చి, "అలా కాదండీ, ఒత్తు, ఒత్తు" అన్నారు. ఇంకా గట్టిగా ఒత్తాను. రెండో ములుకూ విరిగి, కాగితం కూడా చిరిగింది.

"ఇంకా గట్టిగానా అండీ?" అని అడిగాను.

ఆవిడకు సంగతి అర్థమై నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి పొలమారింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ నీళ్లు తాగాక మాస్టారి తల్లి కాళ్ల సంగతి, పాస్‌పోర్టు ఆఫీసులో బొటనవేలి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కొత్త కాగితం తీసి, క రాసి, దాని కింద తలకట్టు లేని చిన్న క పెట్టారు.

"ఇదండీ ఒత్తు. కింద పెట్టేది. చెయ్యి నొప్పెట్టేది కాదు."

అప్పుడు నాకు సుక్కర్ గుర్తొచ్చింది. ఆ పిల్ల రాసిన దువ్వెన ముక్క కాగితం మీద గీసి చూపించాను. ఇద్దరం అక్క పక్కన సుక్కర్ రాసి చాలాసేపు చూశాం. ఆ బిగింపు గుర్తును వాళ్లు నెత్తిన పెట్టుకుంటారు, మనం కాళ్ల దగ్గర పెడతాం. టీచరు గారికి ఆ సంగతి తెలియదట. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా తెలియలేదు, మీరు చెప్పాలా అన్నారు. దేశాల చదువులు పోల్చి చూడడం అంటే నేను చూసినంతలో అదొక్కటే. దానికి విమానం ఖర్చు కూడా స్కూలు పెట్టుకోలేదు.

ఒత్తుల దగ్గరే ఏడాది పట్టింది. చాలా అక్షరాలు తలకట్టు తీసేసి కిందికి దిగుతాయి. త, న, మ, య, ర, ల మాత్రం దిగేటప్పుడు వేషం మార్చేస్తాయి. మొత్తం చదవడం, రాయడం వచ్చేసరికి రెండేళ్లు. ఆ తర్వాత అరవై జతల బూట్ల లోపల చెరగని నల్ల మార్కరుతో పిల్లల పేర్లు రాశాను. బూట్ల ఏడుపులు ఆగిపోయాయి. ఆ పద్ధతి ఏ దేశానిదని ఎవరూ అడగలేదు.

తర్వాతి ఏడు గేటు మీద పెద్ద బ్యానరు కట్టారు. మొదటిరోజు కింద నిలబడి కూడబలుక్కుని చదివాను. ఒ, తి, డి. ఒతిడి లేని చదువు. మళ్లీ చదివాను. ఒతిడి అంటే ఏంటో నాకు తెలియదు. కొత్త దేశమేమో అనుకున్నాను. టీచరు గారిని అడిగితే నిట్టూర్చారు. అది ఒత్తిడి అట. బ్యానరు వేసే కంప్యూటరులో అక్షరాలు ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చేటప్పుడు ఒత్తులు రాలిపోతాయట. ఆవిడ ముందే చెప్పారట. తెలుగులో ఎవరు చదువుతారు మేడమ్, కింద ఇంగ్లీషులో ఉంది కదా అన్నారట కరస్పాండెంట్ గారు. ఒత్తిడి లేని చదువంటే ఏమో అనుకున్నాను, ఒత్తు తీసేయడమన్నమాట. పెద్దయ్యాక ఆ గుర్తు పెట్టని అరబ్బు పద్ధతి కూడా తెచ్చారు, మనకు చెప్పలేదంతే.

అప్పుడు వచ్చింది ఒక గొప్ప మేడమ్ కబురు. ఆవిడ దేశదేశాల చదువులు పోల్చి చూసి, ఏ స్కూలు ఎక్కడ నిలబడుతుందో చెబుతుందట. హైదరాబాదు నుంచి విమానంలో రాజమండ్రి వచ్చి, అక్కడి నుంచి కారులో వస్తుంది. ఆవిడ మెచ్చుకుంటే స్కూలుకు పేరు. ఆ వారంలోనే నేను నోటీసు బోర్డు చదువుతుంటే కరస్పాండెంట్ గారు చూశారు. కొత్త రకం రొయ్య పడినట్టు మొహం వెలిగిపోయింది. ఆయమ్మకు చదువొచ్చా అని రెండుసార్లు అడిగారు. ఎవరు నేర్పారని అడగలేదు.

మూడు రోజుల తర్వాత నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మేడమ్ ముందు స్టేజీ మీద చదవాలట. అదే రోజు తెలుగు టీచరు గారిని పిలిచి వేరే మాట చెప్పారు. పిల్లలకు అక్షరాలు ఆటల్లోనే వచ్చేస్తాయని ఈ మేడమ్ అంగీకరిస్తే, చిన్న తరగతులకు వచ్చే నెల నుంచి తెలుగు టీచరు అక్కర్లేదు. ఆవిడ దిద్దించే పద్ధతి చూసి అతిథులు నవ్వుతారట. అక్షరాలు ఆటల్లో వస్తాయనడానికి సాక్ష్యం నేను. నా కాగితంలో ఉన్నది అదే. పిల్లలతో ఆడుకుంటూ నాలుగు నెలల్లో చదువు నేర్చుకున్నానట. ఎవరూ నేర్పలేదట. ఫిన్లాండ్ గొప్పతనమట.

మధ్యాహ్నం ఆ కాగితం టీచరు గారి డబ్బా పక్కన పెట్టాను. ఆవిడ చదివి మడిచి నాకిచ్చేశారు.

"చదివెయ్యండి ఆయమ్మ గారూ. నాకు ఇంకో బడి దొరుకుతుంది. మీకు ఈ వయసులో చీపురు కూడా ఎవరూ ఇవ్వరు."

నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజం. ఇంటికెళ్లి ఆ కాగితాన్ని నాలుగైదుసార్లు చదివాను. చదివే కొద్దీ ఒకటి కనిపించింది. అది కూడా ఆ కంప్యూటరులోంచే వచ్చింది. దాని మీద ఒక్క ఒత్తు లేదు.

ఆ మంగళవారం మేడమ్ వచ్చింది. బూట్ల వరసను ఫోటో తీసుకుంది. బీరువా తాళం తీసి దిమ్మలు బయట పెట్టారు, పిల్లలు వాటిని ఎప్పుడూ చూడనివాళ్లలా చూశారు. చూడలేదు కూడా. తర్వాత నన్ను స్టేజీ ఎక్కించారు. మైకు ముందు నిలబడి కాగితం విప్పి, టీచరు గారు నేర్పినట్టే, ఉన్న అక్షరాన్ని ఉన్నట్టు చదివాను.

"నేను పిలలతో ఆడుకుంటూ నాలుగు నెలలో చదువు నేరుకునాను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. కరస్పాండెంట్ గారు పక్కకు వంగి "పిల్లలతో, ఆయమ్మా, పిల్లలతో" అని గొణిగారు.

"ఇక్కడ ఒత్తు లేదండి" అన్నాను. అది మైకులో అందరికీ వినబడింది.

ఆగకుండా మిగతాది కూడా చదివాను. నాకు ఎవరూ నేరలేదు. ఇది ఫినాండ్ పదతి గొపతనం. వెనక బ్లాకు కిటికీల్లోంచి కూడా నవ్వులు వినిపించాయి. అప్పుడు కాగితం మడిచి టీచరు గారి వైపు చూశాను. ఆవిడ తల దించుకుని ఉన్నారు.

"ఒత్తులు ఎక్కడుండాలో నాకు తెలుసండి. అదిగో, ఆ టీచరు గారు నేర్పారు. నాలుగు నెలలు కాదు, రెండేళ్లు. ఆట కాదండి, దిద్దించారు. ములుకులు విరిగాయి."

అని దిగిపోయాను. నా ఉద్యోగం అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడది నిలబడుతుందేమోనని చిన్న ఆశ ఉండింది.

హైదరాబాదు మేడమ్ లేచి వచ్చి నన్ను కౌగిలించుకుంది. మైకు తీసుకుని ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి, చివర తెలుగులో చెప్పింది. ఒక ఆయా ఇంతమంది ముందు తడబడుతూ, తప్పులు చదువుతూ కూడా భయపడలేదట. తప్పు చేసే స్వేచ్ఛ ఉన్న స్కూలును తాను ఫిన్లాండ్ తర్వాత ఇక్కడే చూసిందట. దేశదేశాలు తిరిగిన మనిషి. చదివిన తప్పు నాది కాదు, రాసినవాళ్లదని పట్టుకోలేకపోయింది. రెండో తరగతి పిల్లలు నవ్వారంటే వాళ్లకు తెలిసింది కాబట్టే.

సాయంత్రం కరస్పాండెంట్ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. తిడతారనుకుని నిలబడ్డాను. ఆయన నవ్వుతున్నారు. "భలే చేశావు ఆయమ్మా, మేడమ్ పడిపోయింది" అన్నారు. నేను తడబడ్డానని ఆయన కూడా నమ్మారు. నేను స్టేజీ మీద చెప్పిన మాటలు ఆయన చెవికి ఒత్తుల్లాగే రాలిపోయాయి.

టీచరు గారిని తీసేయలేదు. అది నా వల్ల జరిగింది కాదు. పదో తరగతిలో తెలుగు మార్కులు తగ్గుతున్నాయని వెనక బ్లాకుకు మార్చారు. ఇకపై ఆవిడ గైడ్లు బట్టీ పట్టించాలి. చిన్న తరగతుల్లో అక్షరాలు రంగు మైనపు ముద్దలతో వాటంతటవే వస్తాయి. వెనక బ్లాకులో మధ్యాహ్నం అన్నం కూడా చదువుతూనే తింటారు, కాబట్టి నా పాఠం కూడా అక్కడితో సరి.

గేటు దగ్గర ఆవిడ సంచి సర్దుకుంటుంటే, ఏం మిగిలిందండీ అని అడిగాను.

"జీతం" అన్నారు. తర్వాత బ్యానరు వైపు చూపించి, "అది చూస్తూ రోజూ లోపలికి రావడమే కష్టంగా ఉందండీ" అన్నారు.

మర్నాడు బుధవారం. నేను ఆరింటికే వెళ్లాను. ఆవరణంతా ఊడ్చాను. బాదం ఆకుల్ని బుట్టకెత్తి పక్కన పెట్టలేదు. వెనక గోతిలో పోసి, పైన రెండు బిందెల నీళ్లు కుమ్మరించాను. పది గంటలకు జపాను రావాలంటే ఇంకెక్కడి నుంచైనా ఆకులు తెచ్చుకోవాలి. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ గేటు కింద వేసుకుని ఎక్కి, బూట్లలో పేర్లు రాసే మార్కరు తీశాను. ఒతిడిలో తి కింద త ఒత్తు పెట్టాను. చిన్న కొక్కెంలా ఉంటుంది, వేషం మార్చే రకం. దూరానికి కూడా కనబడాలని దాని మీద మళ్లీ మళ్లీ దిద్దాను. గట్టిగా ఒత్తి రాశాను. ములుకు విరగలేదు.

ఎనిమిదింటికి కరస్పాండెంట్ గారి కారు వచ్చింది. గేటు తీసేదాకా ఆయన రోజూలాగే తలెత్తి బ్యానరు చూశారు. ఏ తేడా కనిపించలేదు. హారన్ కొట్టారు. గేటు తీశాను.